ఉల్లిగడ్డలు కోసినోని బయోడేటా

కాటారం,
ఆగస్టు 2011

రహ్మాన్ మామూకు, తస్లీమా ముమానికి మాజిద్ సలాములు.

ఫోన్ చేస్తే నీ షాపులో జిరాక్సు మిషను మోతకు "ఆఁ? ఏందీ? జర గట్టిగ చెప్పు" అనడంతోనే సరిపోతోంది. అందుకే ఉత్తరం. భూపాలపల్లి గనుల దగ్గర మట్టి తీసే కాంట్రాక్టు కంపెనీ ఒకటి సూపర్‌వైజర్లను తీసుకుంటోందట. నా బయోడేటా నువ్వే టైపు చేసి వాళ్ళకు పంపించు.

నేను చేసినవి ఇవి. ప్రైవేటు బడిలో ఏడో తరగతికి సోషల్ చెప్పాను. మధ్యాహ్నం అన్నాల దగ్గర పిల్లలను వరుసలో నిలబెట్టాను. పరీక్షలప్పుడు గదిలో కాపలా ఉన్నాను. ఇంకేం చేశాను? మొన్న జనగామ వచ్చినప్పుడు తెలంగాణ కోసం రోడ్డు మీదే పొయ్యిలు పెట్టారు కదా, ఆ వంటావార్పులో ముమాని కత్తితో ఉల్లిగడ్డలు కోశాను. అదైతే రాయకు.

ఈ నౌకరీ నాకు రావాలి మామూ. అమ్మీ బీడీలు చుట్టీ చుట్టీ దగ్గుతోంది. మొన్న కొంగు మీద నెత్తురు పడింది. అడిగితే "పాన్ మరక బేటా" అంది. మా అమ్మీ పాన్ ఎప్పుడు తిన్నది?

నీ
మాజిద్

తా.క.: ఎవరిదో గృహప్రవేశం కార్డులో రెండు గదుల ఇంటిని "మహాసౌధం" అని కొట్టావట, ఇంటి పన్ను వాళ్ళు వచ్చి కొలుచుకొని పోయారట. నాది మాత్రం ఉన్నదున్నట్టు కొట్టు.

---

జనగామ,
సెప్టెంబరు మొదటివారం

బేటా మాజిద్‌కు మామూ దువాలు.

నీ బయోడేటా చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చెప్పాను, నిలబెట్టాను, ఉన్నాను! ఇవీ ఒక మనిషి చేసే పనులేనా? ఉండడమైతే మా షాపు గోడ కూడా ఉంటుంది. నౌకరీ ఇచ్చేవాడు నీ మొహం చూడడు, నువ్వేం చేశావో చూస్తాడు. ఆ చేసిన మాట గట్టిగా ఉండాలి, చదవగానే కుర్చీలో నుంచి లేచి నిలబడాలి.

అన్నీ మార్చాను. సోషల్ చెప్పలేదు నువ్వు, "ఒక తరాన్ని తీర్చిదిద్దావు". పిల్లలను వరుసలో నిలబెట్టలేదు, "మూడు వందల మంది గుంపును అదుపు చేశావు". కాపలా ఉండలేదు, "అక్రమాలను ఉక్కుపాదంతో అణచివేశావు". ఇక ఆ ఉల్లిగడ్డలు! అరే, దాన్ని వదిలిపెడతారా ఎవరైనా? "రహదారి దిగ్బంధాన్ని ముందుండి నడిపించాను, వేలాది మందిని ఉరికించాను" అని కొట్టాను. కంపెనీకి పంపేశాను కూడా.

అక్కను దవాఖానకు తీసుకుపో. పాన్ మరక అంటే నమ్మకు, చిన్నప్పటి నుంచీ అబద్ధాలు చెప్పడం రాదు దానికి.

నీ మామూ
రహ్మాన్

తా.క.: ఇంత బాగా వచ్చిన బయోడేటా మళ్ళీ రాదని ఒక కాపీ షాపు అద్దానికి అంటించాను, నమూనాగా. ఎదురుగా ఠాణాకొచ్చే వాళ్ళంతా ఆగి చదివి పోతున్నారు.

---

కాటారం,
సెప్టెంబరు 14

మామూకు మాజిద్ సలాములు.

నీ ఉత్తరం చదివాక నాకు చెమటలు పట్టాయి. వేలాది మందిని నేను ఉరికించడమేమిటి మామూ? బడి గంట కొట్టినా మా పిల్లలు నా మాట వినరు. నీ కాళ్ళు మొక్కుతా, అద్దం మీది కాగితం ముందు తీసెయ్. వంటావార్పు రోజు మేం లేచి వచ్చేశాక అక్కడ ఎవరో బస్సు అద్దం పగలగొట్టారని నువ్వే చెప్పావు. ఎవరైనా రెండూ కలిపి చదివితే నా గతి ఏంది?

నిన్నటి నుంచి సకల జనుల సమ్మె. బస్సులు లేవు, బడి లేదు, జీతం లేదు. ఈ ఉత్తరం ఎప్పుడు చేరుతుందో అల్లాకే తెలియాలి.

నీ
మాజిద్

తా.క.: కంపెనీ వాళ్ళు ఫోన్ చేశారు. "గుంపును అదుపు చేసింది నువ్వేనా?" అని అడిగారు. అన్నాల గుంపు అని చెప్పబోతే లైను కట్ అయింది.

---

జనగామ,
సెప్టెంబరు 24

బేటాకు దువాలు.

నీ జవాబు లేదు, సమ్మెలో ఎక్కడ ఆగిందో. నీకో ఖుషీ కబురు. ఎదురు ఠాణా ఎస్సై గారు అద్దం ముందు నిలబడి నీ బయోడేటా రెండుసార్లు చదివారు. "ఎవరీయన?" అన్నారు. "మా అక్క కొడుకే సార్" అన్నాను. నీ అడ్రసు స్వయంగా రాసుకున్నారు! నౌకరీకి పోలీసు వెరిఫికేషన్ కోసం జనం చెప్పులరగ తిరుగుతారు, నీది నా షాపు ముందే అయిపోయింది.

అంతేకాదు, నా భాష నచ్చి ఒక కేసు కాగితం కూడా నాకే ఇచ్చారు. వాళ్ళ రైటర్ రాసింది చూస్తే నీ బయోడేటానే నయం. "కొందరు రోడ్డు మీద కూర్చున్నారు. బస్సు అద్దం పగిలింది." "అద్దం దానంతటదే పగులుతదా సార్?" అన్నాను. నవ్వారు. ఇక నన్ను పట్టేవాడు లేడు. "మారణాయుధంతో విరుచుకుపడ్డారు, బస్సును ధ్వంసం చేశారు, సిబ్బందిపై దాడికి ఉసిగొల్పారు" అని ఉతికి ఆరేశాను. పేర్ల దగ్గర ఖాళీ ఉంచమన్నారు, తర్వాత చేత్తో నింపుకుంటారట. నాకేం పని, ఉంచాను.

నీ మామూ
రహ్మాన్

తా.క.: "మీవాడు ఉల్లిగడ్డలు ఏ కత్తితో కోసిండు?" అని అడిగి, మీ ముమాని కత్తి పట్టుకుపోయారు. ఠాణాలో కూడా వంటావార్పు పెడుతున్నట్టున్నారు.

---

కొత్తగూడ,
సెప్టెంబరు 27

మామూకు.

పోలీసులు మన ఇంటికొచ్చారు. నేను లేను. అమ్మీ చాటలోని బీడీలను బూట్లతో తొక్కి, "నీ కొడుకేడి?" అన్నారట. రాంజీ అని నాతో చదువుకున్నవాడు, వాళ్ళ పోడు చేను దగ్గర గుడిసెలో దాక్కున్నాను. ఫోన్ బంద్ చేశాను. నేనేం చేశానో నాకే తెలియడం లేదు. భయమైతుంది మామూ. ఏం చెయ్యమంటావు?

మాజిద్

తా.క.: రాంజీ వాళ్ళమ్మ వంటకు సాయం చేస్తానంటే ఉల్లిగడ్డలు ముందర పెట్టింది. ముట్టలేదు.

---

జనగామ,
అక్టోబరు 5

బేటాకు దువాలు.

నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి చేరాయి. ఓరి పిచ్చోడా, పోలీసులొచ్చింది వెరిఫికేషన్‌కురా! నువ్వు అడవిలో దాక్కుంటే ఏమనుకుంటారు వాళ్ళు? బీడీలు తొక్కడం తప్పే, ఎస్సై గారికి చెప్తాను. నువ్వు మాత్రం బయోడేటా చేత పట్టుకొని తిన్నగా ఠాణాకు పో. ఒక్కో మాట చదువుతారు. ప్రతిదానికీ "అవును సార్, నేనే చేసిన" అను. నసగకు, నేలచూపులు చూడకు. దస్తఖత్ ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టు.

నీ మామూ
రహ్మాన్

తా.క.: అద్దం మీది కాగితం తీసెయ్యమన్నావు. ఆ కష్టం లేకుండా ఎస్సై గారే తీసుకుపోయారు. ఫైలులో పెట్టుకుంటారట!

---

జైలు,
నవంబరు 2011

మామూకు, ముమానికి మాజిద్ సలాములు.

నువ్వు చెప్పినట్టే చేశాను. నసగలేదు, నేలచూపులు చూడలేదు. అన్నింటికీ నేనే చేసిన అన్నాను. దస్తఖత్ పెట్టాను.

కోర్టులో కేసు కాగితం చదివారు. విరుచుకుపడ్డారు, ధ్వంసం చేశారు, ఉసిగొల్పారు. వింటుంటే ఒళ్ళు జలదరించింది. వీడెవడో పెద్ద దుర్మార్గుడు, వీణ్ణి బయటికి వదలొద్దు అనుకున్నాను. తర్వాత నా పేరు చదివారు. దాడి అని ఉంది కాబట్టి బెయిలు లేదన్నారు.

పోయిన వారం అమ్మీ ములాఖత్‌కు వచ్చింది. కాటారంలో ఆగిపోయిన నీ సెప్టెంబరు ఉత్తరం తెచ్చింది. అది చదివాక ఆ గట్టి మాటలు ఎవరివో తెలిసింది. కోపమొచ్చింది మామూ, అబద్ధం ఎందుకు చెప్పాలి. గోడకేసి తల కొట్టుకున్నాను. నువ్వు నా నౌకరీ కోసం ఎంత సంబురపడ్డావో గుర్తొచ్చి ఆ తర్వాత ఏడ్చాను.

అమ్మీ ఇంకో కవరు కూడా తెచ్చింది. కంపెనీ వాళ్ళు నౌకరీ ఇచ్చారు! సమ్మె తర్వాత కూలీలు తిరగబడుతున్నారట, గుంపును అదుపు చేసి అణచివేసే మనిషే కావాలట. చేరే గడువు అప్పటికే అయిపోయింది. అమ్మీకి తెలుగు చదవడం రాదు కదా, బెయిలు కాగితమనుకొని అంత దూరం భద్రంగా పట్టుకొచ్చింది. దగ్గుతూనే నవ్వింది. నేను చెప్పలేకపోయాను. నువ్వు కూడా చెప్పకు.

వకీలు నిరంజన్ సార్ బెయిలు అర్జీ నీ దగ్గరికి పంపుతాడు. నువ్వే టైపు చెయ్యి. నేను చెప్పినట్టే కొట్టు, ఒక్క మాట మార్చకు. బస్సు కాడ నేను లేను. పొయ్యి కాడ కూసున్న. ఉల్లిగడ్డలు కోసిన. కండ్లల్ల నీళ్ళొస్తే తుడుసుకున్న. కిచిడీ తిన్న. చెయ్యి కడుక్కున్న. మీ ఇంటికొచ్చి పండుకున్న. గంతే మామూ.

నీ
మాజిద్

తా.క.: కత్తి పోయిందని ముమానిని పరేషాన్ కావద్దను. కోర్టులో ఉంది, చీటీ కట్టి సీలు వేశారు. పిడికి ఆమె చుట్టిన పచ్చ గుడ్డ చూసి గుర్తుపట్టిన. "ఇది ఎవరింటిది?" అని జడ్జి గారు అడిగిండ్రు. తెల్వదన్న.