మీ బావ టీకా సంగతి

మా తమ్ముడు గంగిరెడ్డికి, సముద్రం ఇవతల నుంచి మీ అక్క ఓబులమ్మ నిండు మనసుతో దీవించి రాసేది. ఇక్కడ మేమంతా బాగున్నాము. నువ్వు, మరదలు, పిల్లలు, పెద్దమ్మ ఎట్లా ఉన్నారో, మీ ఇంట్లో మీ బావ మొహమాటం లేకుండా వేళకు తింటున్నాడో లేదో అని నాకు ముద్ద దిగడం లేదు. మన నాయన ఇసుకలో దిద్దించిన అక్షరాలే నావి. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

పినాంగు దగ్గరి ఈ తోటలో రోజూ మధ్యాహ్నం వాన. రాయచోటి పక్క ఒక్క పదును వానకు ఆకాశం మొగం చూసే మనకు ఇంత నీళ్లు ఊరికే పారిపోతుంటే కడుపు తరుక్కుపోతుంది. సంగటి లేదు, మూడు పూటలా అన్నమే. నీ మేనల్లుడు నారాయణ రబ్బరు తూకాలు రాసే పనికి తెల్లవారకముందే పోతాడు. కోడలు ఆడబిడ్డను కని నెల దాటింది. ఇద్దరూ కులాసా, దిగులు పెట్టుకోవద్దు. బిడ్డకు నీళ్లు పోసి పడుకోబెట్టినాక నాతో మాట్లాడే మనిషి ఉండదు. పక్కింటామె అరవంలో ఏదో అంటుంది, నేను తల ఊపుతాను.

నీ ఉత్తరం అందింది. డాక్టరు పరీక్షకు మళ్లీ మద్రాసు పోదామంటే మీ బావ రానన్నాడని రాసినావు. "నా ఒంటికి టీకానే పట్టల్యా. ఇంగ నన్నేం పరీక్ష సేస్తారప్పా, ఇది మట్టికి పొయ్యే ఒళ్లు" అన్నాడంట. అది చదివి ఆ పూటే ఈ ఉత్తరానికి కూర్చున్నాను. ఆయన ఈ దేశానికి వచ్చే పర్మిట్టు గడువు ఉగాది పోయిన నెలకు తీరిపోతుంది. మళ్లీ ఇస్తారో ఇయ్యరో అంటున్నాడు నారాయణ. అందుకని ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని మాట రాస్తున్నాను.

ఓడ ఎక్కే ముందు మద్రాసులో మా ఇద్దరికీ ఒకే రోజు మశూచి టీకాలు గీరినారు. నీకు గుర్తుందా, మన ఊరికి టీకాలాయన వచ్చిపోగానే అమ్మ మన చేతులు తడిగుడ్డతో తుడిచి, వేపాకూ పసుపూ నూరి పూసేది. అమ్మవారిని మనమే ఒంట్లోకి పిలవడమెందుకని. మీ బావకు అప్పటికే దగ్గు. దానికి జ్వరం కూడా తోడైతే ఓడ ఎక్కగలడా అని భయపడి, సత్రంలో నేను కూడా అట్లే చేసినాను. మంట తగ్గుతుందంటే నమ్మి చెయ్యి చాపినాడు. నాది తుడుచుకోలేదు, నాకేమైతే ఏమిలే అనుకున్నాను. ఎనిమిదోనాడు చూస్తే నాది పొంగింది, ఆయనది పొంగలేదు. ఆయన బయటికి పోయినాక డాక్టరు నన్ను అడిగినాడు, తడి తగిలిందా, ఏమైనా పూసినారా అని. లేదన్నాను. అట్లయితే ఆ ఒంటికి పట్టలేదు, మళ్లీ గీరి మళ్లీ ఎనిమిది రోజులు ఆగాలన్నాడు. ఓడ మరునాడే. కోడలికి నెలలు నిండినాయి. మీ బావ రేవు దాకా నా మూట మోసి, "నువ్వు పో. కాన్పు మన కోసరం ఆగుతాదా. నేను ఎనకమాల ఓడకు వస్తాలే" అన్నాడు. అప్పుడైనా నేను పసుపు సంగతి చెప్పకుండానే ఓడ ఎక్కినాను.

ఈసారి ఓడకు నెల ముందే కడపలో రైలెక్కండి. దిగిన మరునాడే టీకా. ఎనిమిదోనాడు చూపించే దాకా చెయ్యి తడపొద్దు, పసుపు తగలనియ్యొద్దు. పట్టకపోతే ఇంకోసారికి రోజులుంటాయి. తర్వాత కలరా సూది, రొమ్ముకు ఎక్సురే ఫోటో. ఆ ఫోటో సంగతి చెప్పడానికే నాలుగు రోజులు తీసుకుంటారు. ఫీజుకు, ఫోటోకు, సత్రంలో తిండికి నారాయణ మనియార్డరు చేస్తాడు, నీ చేతిది పెట్టొద్దు. తొందరగా చేయిస్తామని గేటు కాడ పట్టుకునేవాళ్లకు ఒక్క అణా ఇయ్యొద్దు. దగ్గు మందు మానొద్దు. ఫోటోలో ఏం కనపడుతుందో అని అదొక గుబులు నాకు.

పెద్దమ్మ కాళ్లకు నా బదులు మొక్కి దీవెన అడుగు. మరదలికీ పిల్లలకూ నా ఆశీస్సులు. వీలైతే ఎండు గోగాకు కట్టి పంపు.

ఈ ఉత్తరం దాచిపెట్టొద్దు తమ్ముడా. మీ బావను పక్కన కూర్చోబెట్టుకుని అంతా చదివి వినిపించు. ఆయన ఒంట్లో లోపం లేదు, అది నా చేతి పని. నలభై ఏండ్లలో నన్ను ఒక్క మాట అనని మనిషి. ఈసారి తిట్టడానికైనా ఓడ ఎక్కి రమ్మను.

ఇట్లు,
మీ అక్క ఓబులమ్మ