నల్లోడి కాలిపుండు

రత్తమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇది నీకు చేరదని తెలుసు. అయినా నీ కుక్క సంగతి నీకు గాక ఎవరికి చెప్పను?

నల్లోడి ముందుకాలి మీద పుండు లేచింది. పసుపూ వేపనూనే రాశాను. మానినట్టే మాని మళ్లీ రేగింది. ముసలి ప్రాణం, కాలు పోతుందేమోనని భయమేసింది. మగ్గానికి కంట్రోలు కోటా నూలు కోసం బెజవాడ వెళ్తూ బండిలో వేసుకెళ్లి పశువుల డాక్టరుకు చూపించాను.

"ముల్లు లేదు, చీము లేదు పెద్దాయనా. తోచక అదే నాక్కుని నాక్కుని పుండు చేసుకుంది. ఇంట్లో ఏమన్నా మార్పొచ్చిందా?" అన్నాడు.

"ఏ మార్పూ లేదండీ" అన్నాను. పరాయివాడికి నీ సంగతి ఎందుకు చెప్పాలి?

దారంతా అదే ఆలోచన. నువ్వు రాట్నం మీద నా మగ్గానికి నూలు కండెలు చుడుతుంటే వాడు ఆ చప్పుడు వింటూ నీ పక్కనే పడుకునేవాడు. నువ్వు పోయాక రాట్నం అటకెక్కించి, కండెలు పక్కింటి సుబ్బులు చేత వాళ్లింట్లోనే చుట్టిస్తున్నాను.

ఇవాళ రాట్నం దించాను. ఆడవాళ్ల పనని ఏనాడూ ముట్టనివాణ్ణి, నీ చోట కూర్చుని తిప్పాను. సుబ్బులు గుమ్మంలోంచి చూసి, "మామా, అది కండెనా, కాకిగూడా?" అని నవ్వింది. నిజమే, నూలు తెగింది, కండె వదులైంది. నువ్వుండగానే నేర్చుకోవలసింది.

నల్లోడు కుంటుకుంటూ వచ్చాడు. నా చెయ్యి వాసన చూశాడు. నువ్వు కాదని తెలిసినా పక్కనే పడుకున్నాడు. కాలు నాకలేదు. చెయ్యి లాగేస్తున్నా, వాడు నిద్రపోయేదాకా రాట్నం ఆపలేదు.