గొట్టం కింద గాటు

షార్జా, 13 సెప్టెంబర్ 2013

ప్రియమైన లింబాద్రి మామకు నరేశ్ దండాలు.

ఫోన్ చేస్తే నీకు వినబడదు, అందుకే రాస్తున్నాను. రెండేళ్లుగా ఇక్కడ ఇండస్ట్రియల్ ఏరియా షెడ్డులో చెక్క పెట్టెలకు మేకులు కొడుతున్నాను. వీసా మీద 'లేబర్' అని ఉంది. తరతరాలుగా చెక్క పని చేసే వడ్లవాణ్ణి, నేను లేబరట. ఆ ముక్క చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

ఇప్పుడొక దారి దొరికింది. మా అర్బాబ్‌కు, అంటే యజమానికి, పాత తుపాకుల పిచ్చి. లైసెన్సు తీసుకుని ఒక తుపాకీని విడిభాగాలుగా తెప్పించాడు. నిలబెడితే నా గడ్డం దాకా వస్తుంది. మూతిలోంచి మందు పోసి సీసం గుండు దించాలి. ట్రిగ్గర్ నొక్కితే చెకుముకి రాయి ఉక్కును గీరి నిప్పు రాలుస్తుంది. గొట్టం, చెకుముకి యంత్రం, సగం చెక్కిన చెక్క వచ్చాయి. వాటిని కలిపి తుపాకీ చేయాలి.

మా మేనేజరు, ఇక్కడ ముదీర్ అంటారు, వెంకటరాజుది భీమవరం. "నువ్వా? అది తుపాకీ నాయనా, మంచం కోడు కాదు" అన్నాడు.

"మంచం కోడు చెక్కుడు నీకొస్తదా సార్?" అన్నాను.

అర్బాబ్‌కు ఏం అర్థమైందో, నవ్వి పని నాకే ఇచ్చాడు. తుపాకీ బాగా పేలితే వీసాలో 'కార్పెంటర్' అని మార్పిస్తానన్నాడు. గొట్టం చెక్కలో వెంట్రుక సందు లేకుండా కూర్చోవాలి. ఎట్లాగో చెప్పు.

నీ కోపిష్టి అల్లుడు,
నరేశ్

కథలాపూర్, 1 అక్టోబర్ 2013

చిరంజీవి నరేశ్‌కు మామ దీవెనలు.

బండి ఇరుసు కూర్చోబెట్టినట్టే అనుకో. గొట్టానికి దీపం మసి పూసి, చెక్కలో పెట్టి తీయి. మసి అంటిన చోట చెక్క తగులుతున్నట్టు. అక్కడే గీకు, మళ్లీ పెట్టు. వందసార్లయినా పెట్టి తీయాలి. నీకు ఓపిక లేదు, మీ అమ్మ పోలిక. తుపాకీ పని ఒకటికి మూడుసార్లు చూసుకో.

కొలిమి ఆర్పేశాక ఇట్లాంటి ముచ్చట నన్నెవరూ అడగలేదు. రాస్తూ రాస్తూ నాలో నేనే మాట్లాడుతున్నానని మీ అత్త నవ్వుతున్నది.

మేలు కోరే
మామ

షార్జా, 8 నవంబర్ 2013

ప్రియమైన మామకు,

వంద కాదు, నూట అరవై సార్లు పెట్టి తీశాను. గొట్టం చెక్కలో కరుచుకుపోయింది. వెంకటరాజు వేలితో తడిమి, "పర్లేదయ్యా" అన్నాడు.

తప్పు ఆ తర్వాత జరిగింది. గొట్టం అడుగున చిన్న ఉక్కు చెవులుంటాయి. చెక్క పక్కనుంచి బెజ్జం వేసి, ఆ చెవుల్లోంచి సన్న మేకు దించితే గొట్టం కదలదు. బెజ్జం తిన్నగా పోవాలి. నా చేయి తొలిచే బర్మాను కొద్దిగా పైకి వాల్చింది. నువ్వు నేర్పిన వాలే మామా. చీల ఊడిరాకుండా బండి పనిలో పైకి వాల్చి తొలుస్తాం కదా. బర్మా కొన గొట్టం అడుగును కొరికింది. బియ్యపు గింజంత గాటు. అవతలికి దిగలేదు. కానీ మందు అంటుకునే చోటికి జానెడు దూరంలోనే ఉంది.

ఎవరూ చూడలేదు. గాటు పూడ్చి నల్లరంగు రాశాను. పైన చెక్క ఉంటుంది, కనబడదు. వచ్చే నెల ఆరున షూటింగ్ క్లబ్బు మైదానంలో కాలుస్తారు. చెబితే నా 'కార్పెంటర్' పోతుంది. గాటు చిన్నదే కదా మామా? చిన్నదే అని రాయి.

నీ
నరేశ్

కథలాపూర్, 25 నవంబర్ 2013

నా ప్రియమైన అల్లుడికి,

చిన్నదే అని రాయమన్నావు. రాయలేను.

సుత్తి దెబ్బల మోతకు చెవులు పోయాయని ఊరికి చెప్పాను, నీకూ చెప్పాను. అది అబద్ధం. మక్క చేలల్లో పందులను బెదిరించడానికి మన పీరాకు నాటు తుపాకీ చేసి ఇచ్చాను. గొట్టంలో వెంట్రుకంత పగులు కనబడింది. ఇత్తడి పోసి కప్పేశాను. నేనూ చిన్నదే అనుకున్నాను. పీరా కాల్చినప్పుడు పక్కనే నిలబడ్డాను. గొట్టం పగిలి అతనికి కుడి కన్ను పోయింది, నాకు చెవులు పోయాయి. లైసెన్సు లేని తుపాకీ కనుక ఇద్దరం బయటికి చెప్పలేదు.

ఇన్నేళ్లుగా పీరా ఏమంటున్నాడో తెలుసా? నాకు వినబడాలని చెవిలో అరిచి మరీ అంటాడు: "నేనే మందు ఎక్కువ పోసిన లింబన్నా. నీ చెవులు నేనే తీసిన."

విని ఊరుకుంటున్నాను.

చెప్పేయి అల్లుడా. లేబర్‌గానే ఉండు, ఏం కాదు.

మొహం చెల్లని
మామ

షార్జా, 13 డిసెంబర్ 2013

ప్రియమైన మామకు,

నీ ఉత్తరం నిన్న అందింది. కాల్చడం ఆరునే అయిపోయింది. భయపడకు, పూర్తిగా చదువు.

మైదానంలో పదకొండు మందిమి. అర్బాబ్ తన చేత్తో మందు పోసి, గుండు దించి, తుపాకీ నా చేతుల్లో పెట్టాడు. "జిస్నే బనాయా, పెహలే వోహీ చలాయేగా" అన్నాడు. చేసినవాడే ముందు కాల్చాలట, వాళ్ల తాత పెట్టిన పద్ధతి. ఈ రెండేళ్లలో నాకు అంత మర్యాద ఎవరూ ఇవ్వలేదు.

భుజానికి ఆనించాను. నా ఒక్కడి మొహమే అయితే కాల్చేవాణ్ణి మామా, నిజం. నా వెనక వరుసలో అర్బాబ్ కూతురు నిలబడి ఉంది. తర్వాత వంతు ఆమెది. చెవుల్లో దూది పెట్టుకుని నవ్వుతోంది. తుపాకీ దించేశాను. "గొట్టం కింద గాటుంది. చేసింది నేనే, దాచింది నేనే" అన్నాను.

వెంకటరాజు నోటికొచ్చినట్టు తిట్టాడు. "నీతోపాటు నా మొహం కూడా మాడ్చావు కదరా" అన్నాడు. అర్బాబ్ మాత్రం తుపాకీని పాత టైర్లకు కట్టించి, ట్రిగ్గర్‌కు తాడు వేసి, అందరినీ గోడ చాటుకు పంపి లాగాడు. పేలింది. రెండింతల మందు పోయించి మళ్లీ లాగాడు. పేలింది. మూడోసారీ పేలింది. గొట్టానికి ఏమీ కాలేదు. చెప్పకపోయినా సరిపోయేది. ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ పళ్లు కొరుకుతున్నాను.

అయినా అర్బాబ్ "ఖలాస్" అని ఆ గొట్టాన్ని పక్కన పడేయించాడు. వీసా మారలేదు. మళ్లీ పెట్టెల దగ్గరే ఉన్నాను. కొత్త గొట్టం వస్తే ఎవరికివ్వాలని వెంకటరాజు అడిగితే, "ఇసీకో దేనా. ఇస్కా గల్తీ మాలూమ్ హై, దూస్రేకా నై మాలూమ్" అన్నాడట. నాకే ఇవ్వమని. నా తప్పేమిటో ఆయనకు తెలుసు, వేరేవాడిది తెలియదట. తిట్టో మెచ్చుకోలో నాకింకా తేలలేదు.

ఇక నీ సంగతి. నీమీద కోపంగా ఉంది మామా. నీ ఇత్తడి ముచ్చట మొదటి ఉత్తరంలోనే రాసి ఉంటే, గాటు పడినరోజే చెప్పేసేవాణ్ణి. నేను పదిమంది ముందర చెప్పాను. నువ్వు చెప్పాల్సింది ఒక్కడికే. ఇది చదివిన వెంటనే చెప్పులు వేసుకుని పీరా ఇంటికి పో. "మందు సరిగ్గనే పోసినవ్ పీరా" అని చెప్పు. ఆ మనిషి ఏమన్నాడో నాకు రాయి, తిట్లయినా సరే. అది రాసేదాకా ఇంకే ముచ్చటా రాయకు.

ఎదురుచూస్తూ,
నీ నరేశ్