ముల్లంగి వాన

క్యోటో, నవంబరు

తోమె పిన్నికి మిత్సుయో నమస్కారాలు.

పిన్నీ, నా కాళ్లు నేల మీద ఆనడం లేదు. టోక్యో ప్రదర్శనకి నా చెక్క అచ్చు బొమ్మ పంపమన్నారు! గీయడం, చెక్కడం, అచ్చు తీయడం అన్నీ ఒక్కరే చెయ్యాలట. పరాయి చెయ్యి పడకూడదు. వేసవిలో మీ ఇంట్లో వంతెన బొమ్మ చెక్కి వదిలొచ్చానే, ఆ చెర్రీ చెక్క పలక వెంటనే పంపు. అది లేకపోతే మళ్లీ టీ డబ్బాలకి కాగితాలు అంటించుకోవడమే నా బతుకు.

నీ మిత్సుయో

తా.క. ఊరిపెద్ద అయిన మా బాబాయి ఇంకా వంటింటి గడప తొక్కరా?

---

మిత్సుయో తల్లికి పిన్ని దీవెనలు.

ఆ పలక నాకిచ్చిన కానుక అనుకున్నానే. రోజూ ముల్లంగి దాని మీదే తరుగుతున్నాం. కింద నువ్వు చెక్కిన చోట ముక్కలు ఇరుక్కుంటాయి గానీ, పైన నున్నగా వదిలావు చూడు, అక్కడ భలే తెగుతాయి. వాడిన వస్తువు అలాగే తిరిగిస్తే మన పరువేం గాను? ఎల్లుండి వడ్రంగి చేత రెండు వైపులా చిత్రిక పట్టించి పంపిస్తా.

ఇట్లు, తోమె

తా.క. బాబాయి వంటింట్లోకా? మంచినీళ్లు కూడా నేనే అందించాలి.

---

పిన్నీ,

చిత్రిక వద్దు, నీ కాళ్లు పట్టుకుంటా. ఆ నున్నటి చోటే నా ఆకాశం. గాట్లతో సహా ఉన్నదున్నట్టు పంపు.

మిత్సుయో

తా.క. కడగొద్దు కూడా.

---

మిత్సుయో తల్లికి,

పంపాను. వడ్రంగి మొహం మాడ్చుకుని వెళ్లాడు. ఒట్టి పలక పంపితే బాగుండదని ముల్లంగి ఊరగాయ జోడించాను.

పిన్ని

తా.క. జాడీ కారితే తుడుచుకో.

---

పిన్నికి వెయ్యి దండాలు.

గాట్లు చూసి మొదట ఏడ్చాను. మరో పలక చెక్కే వ్యవధి లేదు. సరే, కానీ అని సిరా పూసి, కాగితం పరిచి రుద్దాను. గాటు పడ్డచోట సిరా అంటలేదు. నల్లటి ఆకాశం నిండా తెల్లటి ఏటవాలు వాన పిన్నీ! మొదటి బహుమతి నాకే ఇచ్చారు. "ఇంత తెగువగా వాన చెక్కిన చెయ్యి ఏదమ్మా?" అన్నారు బహుమతి నిర్ణయించిన పెద్దాయన. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. మా పిన్ని ముల్లంగి తరిగిందని చెప్పేశాను. సభంతా నవ్వింది గానీ, ముల్లంగి తరగడం చెక్కడం కిందికి రాదని బహుమతి వెనక్కి తీసుకోలేదు. బొమ్మ కింద నా పేరు పక్కన నీ పేరూ రాశాను. మీ జిల్లా పేపర్లో కూడా వేస్తారట.

నీ మిత్సుయో

తా.క. ఇప్పుడు మంచు కురిసే బొమ్మ అడుగుతున్నారు.

---

మిత్సుయో తల్లికి,

కొంప ముంచావే. పేపరు రాకముందే నా పేరు కొట్టేయించు. ఆ వాన నాది కాదు. కీళ్ల నొప్పులతో నేను కత్తి పట్టుకోవడం మానేసి చాలా కాలమైంది. తలుపు గడియ పెట్టుకుని రోజూ తరిగేది మీ బాబాయే. ఊళ్లో తెలిస్తే తలెత్తుకోలేరని కడుపులో దాచుకున్నాను. నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. విని మెల్లగా, "వాన నాదైతే పేరు కూడా నాదే వెయ్యమను" అన్నారు.

పిన్ని

తా.క. వంటింటి తలుపు పొద్దుటి నుంచి బార్లా తీసే ఉంది. మంచు కురవాలంటే ఏం తరగాలో కనుక్కోమంటున్నారు.