బుచ్చయ్యపేట కీచురాళ్ళు

అనకాపల్లి, మంగళవారం రాత్రి

బుచ్చయ్యపేట పొలాల మీద రాసిన వ్యాసం శుక్రవారం అచ్చుకు వెళుతుంది. ఫొటో కోసం సాయంత్రం మళ్ళీ అక్కడికి వెళ్ళాను. చెరకు తోటలో ఆకు కదలడం లేదు, చిన్న చప్పుడు కూడా లేదు. అంత నిశ్శబ్దంలో రైతు అప్పలనాయుడు నా పక్కనే నిలబడి కేకలేస్తూ మాట్లాడుతున్నాడు.

"ఎందుకలా అరుస్తున్నావు?" అన్నాను.

"అరవకపోతే మీకినపడతాదేటి మేస్టారూ? ఈ కీచురాళ్ళ గోలకి మా ఆవిడ తిట్లు కూడా ఇనపడట్లేదు. అదొక్కటే సుఖం."

తోట వైపు చెవి పెట్టాను. ఏమీ లేదు.

"ఇప్పుడు కూడా అరుస్తున్నాయా?"

"అదేటండి అలాగడుగుతారు? అమ్మగారైతే ఈ గట్టు మీదే కూకుని మీకు ఒక్కోటీ సెప్పేవోరు కదా."

నిజమే. నా భార్య సుభద్ర విని చెప్పేది, నేను రాసుకునేవాణ్ణి. ముప్పై ఏళ్ళు అదే పద్ధతి. మనుషుల మాటలు బాగానే వినబడేవి కాబట్టి, ఆ సన్నటి కీచు నాకు వినబడుతోందా లేదా అని ఏనాడూ సరిచూసుకోలేదు. క్రియేటివ్ రైటింగ్ క్లాసులో మాత్రం, చెవిన పడిందే రాయండని పిల్లలకు చెబుతాను. ఆమె పోయాక ఈ ఏడాదంతా పొలాలు తిరిగి, పురుగుమందులకు కీచురాళ్ళు చచ్చిపోయాయని రాశాను.

రేపు ఫోన్ చేసి వ్యాసం ఆపించాలి. కారణం ఏమని చెప్పాలో...

కిటికీ తెరిచే ఉంది. బయట ఏదో అరుస్తూనే ఉండాలి. అది ఏమిటో, ఎంత దగ్గరలో ఉందో చెప్పే మనిషి లేదు.