గుహలో చిక్కుకున్న విజ్ఞానరావు

జనవరి 1, 1958. బుధవారం. ఉదయం 6.

కొత్త డైరీ. కొత్త మనిషిని!

రష్యావాళ్లు కుక్కను ఆకాశంలోకి పంపి రెండు నెలలైంది. మా మందమర్రి బొగ్గుగనుల నుంచి ఒక్క మనిషీ పోకపోతే ఎలా? అందుకే సీరియల్ రాస్తున్నాను. కథానాయకుడు విజ్ఞానరావు. ప్రయాణం చంద్రమండలానికి. ప్రతి ఆదివారం సాయంత్రం రీడింగ్ రూమ్ గోడబోర్డు మీద ఒక భాగం అంటిస్తాను. చదవలేని కార్మికుల కోసం నేనే బిగ్గరగా చదువుతాను. మొత్తం పది వారాలు.

రీడింగ్ రూమ్ చూసే రామచంద్రం సారు ఒక షరతు పెట్టాడు. పోయినేడు నేను రాసిన నాటకంలో మొదటి అంకంలోని డాక్టరు మూడో అంకానికి దొంగయ్యాడని ఆయన ఇంకా మరిచిపోలేదు. ఈసారి నాయకుడి స్వభావం ఎక్కడ తప్పినా బోర్డు మూల సుద్దతో ఒక గీత. మూడు గీతలైతే బోర్డు హనుమండ్లు నడిపే భజన మండలికి పోతుంది.

పోదు. విజ్ఞానరావు స్వభావం ఇదిగో:
1. కోపం రాదు.
2. చాయ్ ముట్టడు.
3. మూఢనమ్మకాలు లేవు.
4. వారానికి ఒక్క మెట్టే ఎదుగుతాడు. గంతులుండవు.

నేను కూడా ఇలాగే ఉంటాను. బాపు వచ్చి వింటే బాగుండు. దసరా నాడు పదిమందిలో కన్నతండ్రినే మూఢుడన్నాను. బొగ్గుబాయిలోకి దిగే ముందు మైసమ్మకు మొక్కుతాడు, సరే. లోపల కర్రతో పైకప్పు తట్టిగానీ అడుగు వేయడట. ఇంటికొచ్చినా దూలం తట్టే గడప దాటుతాడు! అప్పటి నుంచి నాతో "తిన్నవా" తప్ప మరో మాట లేదు.

జనవరి 5. ఆదివారం. సాయంత్రం 7.

అద్భుతం! నలభై మంది వచ్చారు. గోదావరి ఇసుకలోంచి రాకెట్ లేచేసరికి బీడీలు ఆరిపోయాయి. "ఇగ్నానం సారు" అని అప్పుడే పేరు పెట్టేశారు. ఆయన చాయ్ వద్దన్నచోట మాత్రం, అదే వరండాలో చాయ్ అమ్మే దుర్గవ్వ లేచి వెళ్లిపోయింది.

బాపు రాలేదు.

జనవరి 12. ఆదివారం.

దుర్గవ్వ వారం రోజులుగా నాకు చాయ్ పోయడం లేదు. తలనొప్పి. రెండో భాగంలో విజ్ఞానరావు రెండు కప్పులు తాగాడు.

పోయినవారం ముట్టనన్నాడు కదా అని వెనక నుంచి ఎవరో అడిగారు. చంద్రుడి మీద చలి ఎక్కువ, ఇది ఎదుగుదల అని చెప్పాను. రామచంద్రం సారు గీత గీశాడు. చిన్నదే.

జనవరి 19. ఆదివారం.

గురువారం హనుమండ్లుకూ నాకూ, కార్మికులకు దీపాలిచ్చే మా దీపాలగది దగ్గర మాటామాటా పెరిగింది. బోర్డు కొలతలు తీసుకుంటున్నాడు, ఇప్పటి నుంచే! నాకు కోపం రాలేదు. మూడో భాగంలో చంద్రమండలపు రాజు మీసాలతో, తాళాలు వాయిస్తూ వచ్చాడు. విజ్ఞానరావు ఒక్కటి పీకాడు.

మీసం దువ్వుకుంటూ ముందు వరుసలోంచి హనుమండ్లు అన్నాడు: "మీ సారుకు కోపం రాదంటివి గద కొండలూ."

రెండో గీత. పెద్దది.

జనవరి 26. ఆదివారం.

బాపు వచ్చాడు. చివర్లో, గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

నాలుగో భాగం. చంద్రుడి మీద గుహ. విజ్ఞానరావు ధైర్యంగా లోపలికి దూసుకుపోయాడు. ఒక్కసారిగా అందరూ కదిలారు. తట్టకుండా ఎట్ల పోతాడని ఒకరు, సచ్చిండు పో అని ఇంకొకరు. తట్టడం మూఢనమ్మకమని, నా నాయకుడికి అవి లేవని అరిచాను.

ఎవరూ నవ్వలేదు. బాపు నెమ్మదిగా వచ్చి రామచంద్రం సారు చేతికర్ర తీసుకున్నాడు. గోడను ఒకచోట తట్టాడు. ఖణేల్‌మంది. పెచ్చు ఉబ్బినచోట తట్టాడు. డొల్లగా డుబ్బుమంది.

"ఇన్నవా బిడ్డా? మొక్కుడు వేరే, తట్టుడు వేరే. మొక్కితె ధైర్యం. తట్టితె తలకాయ దక్కుతది. డొల్లగ పలికితె పైన బండ ఊడిందన్నట్టు."

కర్ర తిరిగి ఇచ్చేసి మళ్లీ నా వైపు చూశాడు.

"ఇంకోటి. కిందికి దిగినంక పక్కోడు నిన్న ఎట్లున్నడో ఇయ్యాల గట్లనే ఉండాలె. మీ సారు వారానికొక తీరు. ఆయనెంబడి నేనైతె దిగ."

రెండేళ్లుగా దీపాలగదిలో గుమాస్తాని. ఒక్కసారీ కిందికి దిగలేదు. కాగితం చింపేశాను. మూడో గీత నేనే గీశాను.

జనవరి 28. మంగళవారం.

బోర్డు మీద భజన ప్రకటన. నాకేం బాధ లేదు. ఓటమికి కారణాలు: చలి. దుర్గవ్వ. శ్రోతల వెనుకబాటుతనం.

(మూడోది కొట్టేశాను.)

జనవరి 30. గురువారం. మధ్యాహ్నం 3.

మొదటి షిఫ్టు పైకి వచ్చింది. దీపం అప్పగిస్తూ ప్రతివాడిదీ ఒకటే ప్రశ్న: ఇగ్నానం సారు గుహలోంచి వచ్చిండా? సీరియల్ బంద్ అని చెప్పి చెప్పి నోరు నొచ్చింది.

నా పనికి ఒకటే నియమం. కిందికి పోయిన ప్రతి దీపం అలమరలోకి తిరిగి రావాలి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఒక మనిషి ఇంకా కింద ఉన్నట్టే. ఆ మనిషి తేలేదాకా ఎవరికీ నిమ్మళం ఉండదు.

చివరికి హనుమండ్లు. ఎగతాళికే వచ్చాడనుకుని పళ్లు బిగించాను.

"భజనల ఎవ్వని మనసు నిలుస్తలేదు. మీ సారు బయటికి వచ్చిండా, రాలేదా అనే ముచ్చటే. నాకు గూడ పాట అందుతలేదు." దీపం బల్ల మీద పెట్టాడు. "సగం బోర్డు ఇడుస్త. ముందు మనిషిని పైకి తే."

ఫిబ్రవరి 1. శనివారం.

అన్నం దగ్గర బాపును అడిగాను: తట్టకుండా లోపలికి పోయినవాణ్ని ఎలా బయటికి తేవాలి?

దసరా తర్వాత ఇంతసేపు మాట్లాడటం ఇదే. పప్పు చల్లారింది. పచ్చడి వేలితో పళ్లెంలో గుహ గీసి చూపించాడు. రాసుకున్నాను.

ఫిబ్రవరి 2. ఆదివారం.

సగం బోర్డు మీద ఐదో భాగం. విజ్ఞానరావు రెండడుగులు వేశాక ఆగిపోయాడు. గుహల సంగతి తనకు తెలియదని ఒప్పుకున్నాడు. కర్ర వెతుక్కుని, తట్టుకుంటూ, వింటూ, వచ్చిన దారినే బయటికి వచ్చాడు. యుద్ధం లేదు. రాజు లేడు. అయినా ఎవరూ కదల్లేదు. ఆయన మెట్టు ఎక్కింది ఇదే మొదటిసారి, అదీ ఒక్కటే.

బాపు ముందు వరుసలో ఉన్నాడు. "ఇగ నడువొచ్చు ఈయనెంబడి" అని పక్కవాడితో అన్నాడు.

రామచంద్రం సారు గీతలు తుడిచి, లెక్క మళ్లీ ఒకటి నుంచే అన్నాడు. అంతలో దుర్గవ్వ లేచింది: "ఈయన ఇప్పుడు చాయ్ తాగుతడా తాగడా, ఒక్కటి తేల్చు పిలగా."

తాగుతాడు. తేల్చేశాను.

రేపటి నుంచి కొత్త తీర్మానం:
1. కోపం రాదు. ఈసారి నిజంగా. ఒట్టు. (ఒట్టు మూఢనమ్మకం. కొట్టేశాను.)
2. తట్టిగానీ అడుగు వేయడు.
3. వారానికి ఒక్క మెట్టు. పది వారాలు.

రాత్రి 8. హనుమండ్లు తన సగాన్ని నా సగంలోకి నాలుగు వేళ్ల మేర జరిపాడట. నాకు కోపం రాలేదు. కర్ర తీసుకుని బయల్దేరుతున్నాను, కొలవడానికి మాత్రమే.