మాటల్లేని నీ ప్రార్థన

అక్కా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. అమ్మ పోయి మూడేళ్లు. ఈ ఉత్తరం నీకు అందదని తెలుసు. అందినా, ప్రేమతో రాసింది కాదు.

ముదలియార్‌పేట ఇంట్లో ఆఖరి వారమంతా అమ్మ "యాడుండాదే మీ అక్క?" అని అడుగుతూనే ఉంది. మీ కన్యాస్త్రీల మఠంలో మదర్ వెళ్లి రమ్మన్నా నువ్వు రాలేదు. "అమ్మతో ఏం మాట్లాడాలో తెలియడం లేదు. ఇక్కడే ప్రార్థన చేస్తున్నాను" అని చీటీ పంపావు. అమ్మకు తెలుగు చదవడం రాదు. నేనే "రేపొస్తాదంటమ్మా" అని అబద్ధం చదివాను.

ఈ రోజు మఠానికి వెళ్లాను. జబ్బులో నిన్ను చూసుకున్న బాహూరు ఊరి సిస్టర్ నీ సమాధి చూపించింది.

"కడాసి నెలల్లో, పోయే ముందర, మీ అక్కకి జపం నోటికి రాలేదమ్మా. మాట లేకండా ఊరికే కూచోనుండేది. అది కూడా ప్రార్థనే."

"మా అమ్మ మంచం కాడ కూడా అట్టనే కూచోనుండొచ్చు గదా సిస్టర్?"

నేను కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడ్డాను. ప్రార్థిస్తున్నానని అనుకుని సిస్టర్ కూడా చేతులు జోడించింది. నిజానికి నిన్ను తిట్టడానికి సరైన మాట కోసం వెతికాను, అక్కా. దొరకలేదు.

అమ్మ పక్కనే ఉన్న
నీ చెల్లెలు